పదిహేడో నంబరు కోటు

లిదియా పావ్లొవ్నా పన్నెండో కోటు కొక్కేనికి తగిలించి, నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ముసలాయన చేతిలో పెట్టి, పదమూడో కోటు కాలరు తిప్పి చూసి మొహం చిట్లించింది. పట్టీ లేదు. కొక్కేనికి తగిలించే ఆ రెండు వేళ్ళ గుడ్డముక్క లేని కోటు తెచ్చేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. దీన్ని మెడ పట్టుకుని వేలాడదీయమంటావా అని ఆ మనిషిని కడిగేసి, అతను నసుగుతుండగానే సూదిలో దారం ఎక్కించింది.

మేమంతా వలసొచ్చి చేరిన ఈ బ్రైటన్ బీచ్‌లో మా రష్యన్ల హోటళ్ళకు కొదవలేదు గాని, కోటుకు పట్టీ కుట్టి మరీ తిరిగిచ్చేది ఈమె ఒక్కతే. కుట్టు ఉచితం, తిట్లు కూడా ఉచితం. అరవై నాలుగేళ్ళ పొట్టి మనిషి. కీళ్ళవాతంతో ఉబ్బిన వేళ్ళు, ఎర్రరంగు వేసిన జుట్టు, నడుముకు బిగించి కట్టిన ఉన్ని శాలువ. పదకొండేళ్ళుగా హోటల్ మెట్ల కింద, వచ్చినవాళ్ళ కోట్లు భద్రపరిచే ఆ ఇరుకు గదిలోనే నిలబడి ఉంది. ఆ గదంటే ఆమెకు ప్రాణం. అన్నేళ్ళు ఒకేచోట ఉండనిచ్చిన గది ఆమె జీవితంలో అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఎవరో పోయిన నలభయ్యో రోజు భోజనం. పక్క వంటగదిలో ఒడెస్సా నుంచి వచ్చిన ఫీరా అట్లు పోస్తూ, పోయినాయన బతికుండగా ఇంత తిని ఉంటే ఇంకో పదేళ్ళు ఉండేవాడని సణుగుతోంది. అప్పుడు వచ్చాడు ఆ పొడుగాటి మనిషి. ఒకప్పుడు బలంగా ఉండి కరిగిపోయిన ఒళ్ళు, చేతికర్ర, గోధుమరంగు గొర్రెతోలు కోటు.

"పట్టీ తెగింది. కుడతారా?" అన్నాడు. ఆమె ముఖం వంక కాక చేతుల వంక చూశాడు. పదిహేడో నంబరు బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆమె కాలరు తిప్పింది. పట్టీ తెగలేదు, కత్తెరతో కోసి ఉంది. రెండు వైపులా మిగిలిన మొదళ్ళకు రెండు పేటల నీలం దారంతో ఇంటూ మార్కు కుట్లు. తన కుట్లే.

ఇరవై మూడేళ్ళ కిందట వోల్గా ఒడ్డున ఓ ఊళ్ళో నాటకశాలలో ఆమె ఇదే పని చేసేది. అప్పుడామె పేరు అంతొనీనా. నాటకం విరామంలో ఈ కోటు బయటికి వెళ్ళి, ఆట మళ్ళీ మొదలవుతుందని రెండో గంట కొట్టాక పట్టీ ఊడి తిరిగొచ్చింది. తిట్టి కుట్టింది. తెల్లారితే తెలిసింది, ఆ విరామంలోనే వెనక సందులో ఓ ఇంజనీరును ఎవరో కాల్చేశారని. కోటు మనిషి ఆర్సేని కుర్చీలోంచి కదలనేలేదని హాలంతా సాక్ష్యం చెప్పింది. కదిలాడని చెప్పింది ఆమె ఒక్కతే. అతనికి జైలు పడింది. వారం తిరక్కుండా ఆమె ఇంటి తలుపు తగలబడింది. తర్వాత మూడు ఊళ్ళు, రెండు దేశాలు, ఓ కొత్త పేరు.

ఈ సంగతి ఫీరా ఒక్కదానికే తెలుసు. కోటు చూపించగానే ఆమె పొయ్యి కట్టేసింది.

"వెనక తలుపు తీసే ఉంది. పో తల్లీ."

"ఎక్కడికే? ఇంకో పేరు కుట్టించుకోనా?"

తన కుట్టు చూసి గుర్తుపట్టడానికే పట్టీ కోసి తెచ్చాడని ఆమెకు అర్థమైంది. ముఖం మారింది, జుట్టు మారింది. కుట్టు కూడా మారిస్తే, ఈమె ఆ అంతొనీనా కాదనుకుని వెళ్ళిపోతాడు. నల్లదారంతో మామూలు కుట్లు నాలుగు వేసి లాగి చూసింది. ఇంత బరువు కోటు నెల తిరిగేలోగా కింద పడుతుంది. ఆమెకు సిగ్గేసింది, వెంటనే ఒళ్ళు మండింది. వీడికి భయపడి ఊరొదిలాను, పేరొదిలాను, చేతిపనీ వదలాలా? నాలుగు కుట్లూ విప్పేసింది. నీలం దారం రెండు పేటలు చేసుకుని, ఇంటూ మార్కులు వేసి, పంటితో కొరికింది.

అందరికంటే ముందు అతనే బయటికొచ్చాడు. కాలరు తిప్పి, కుట్టును బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"అంతొనీనా యెగోరొవ్నా."

తన తండ్రి పేరు కలిపి ఎవరైనా పిలిచి ఇరవై మూడేళ్ళు. భయం కంటే ముందు ఆమెకు ఏడుపొచ్చింది.

"నేనే," అంది. "ఆ రోజు చెప్పిందీ నేనే. మళ్ళీ అడిగినా అదే చెప్తా."

"మీరు చెప్పింది నిజమే," అన్నాడతను. "ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. మీ తలుపు కాల్పించింది కూడా నేనే. మా వాళ్ళలో ఇంకెవరూ మిగల్లేదు. ఇక మీ కోసం ఎవరూ రారు. అది చెబుదామనే వెతికాను."

క్షమించానని ఆమె అనలేదు. అందరికీ పట్టినట్టే కోటు భుజాల దగ్గర పట్టి విప్పి నిలబడింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఉంచండి. డాక్టర్లు నాకు ఈ చలికాలం దాటదన్నారు."

బిళ్ళ జేబులో వేసుకుని, కర్ర పొడుచుకుంటూ ఫిబ్రవరి గాలిలోకి వెళ్ళాడు.

"ఒరేయ్, జలుబు చేస్తుంది, వేసుకుని పో!" అని ఆమె గుమ్మం దాకా వెళ్ళి అరిచింది. అతను చెయ్యెత్తాడు గాని వెనక్కి తిరగలేదు.

మూడో వారం అతని గది యజమానురాలు వచ్చి, పోయినాయన జేబులో దొరికిందని ఇత్తడి బిళ్ళ ఇచ్చి వెళ్ళింది. కోటు ఎవరికైనా ఇచ్చెయ్యమని హోటలాయన రెండుసార్లు చెప్పాడు. ఫీరా ఇప్పుడు ఆమెను అందరి ముందూ అసలు పేరు ముద్దుగా కుదించి తోన్యా అనే పిలుస్తోంది. పదిహేడో కొక్కేనికి ఆ గోధుమరంగు కోటు, కాలరు నిటారుగా, నీలం దారం మీద అలాగే వేలాడుతోంది.