గడియారానికి కీ

బడి గంటకు ముందే నల్లబల్ల మీద ఆ రోజు లెక్కలు రాసేసి, లెక్కల టీచరు చేతుల సుద్దపొడి దులుపుకుంటూ హాల్లోకి వచ్చింది. తోటి పిల్లల్ని ఏడిపించే అలవాటును నాటకంతో ఎలా మాన్పించాలో టీచర్లకు నేర్పడానికి శిక్షకురాలు వచ్చి అది మూడో రోజు. నిన్న నేర్చుకున్నవాళ్లు ఇవాళ పక్కవాళ్లకు నేర్పాలి. రేపటినుంచి పిల్లలే పిల్లలకు నేర్పుతారు.

లెక్కల టీచరు వంతుకు డ్రాయింగు మాస్టారు వచ్చాడు. ఏడిపించేవాడి వేషం.

"ఏయ్, నువ్వు... మొద్దువి," అన్నాడు బెదురుగా.

"తిడుతున్నారా, దండం పెడుతున్నారా?" అంది ఆమె.

అందరూ నవ్వారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆమె మాటకు టీచర్లు అంతగా నవ్వింది లేదు. ఏటా అదే ఏడో తరగతి, అవే భిన్నాలు, బస్సులో అదే కిటికీ సీటు. మెప్పుల్లో గానీ ఫిర్యాదుల్లో గానీ ఆమె ఊసు రాదు. హుషారొచ్చి లేచి, మాస్టారి చెవి పట్టుకుని మెలితిప్పింది.

"ఇలాగండీ. ఏమే ఆగిన గడియారం! కీ ఇస్తే గానీ ఎక్కం రాదా?"

ఈసారి నవ్వు సగంలో ఆగింది. పక్క గదిలో పాఠం చెప్పే సైన్సు టీచరు తల దించుకుంది. ఆ మాట తను రోజూ తరగతిలో ఏ పిల్లను అంటుందో లెక్కల టీచరుకు అప్పుడు తట్టింది.

గుమ్మంలో ఆయా, టీ పళ్లెంతో. ఆ పిల్ల తల్లి.

"క్లాసులో అందరూ నాకు కీ ఇస్తారమ్మా అనేది మా పిల్ల. ఏదో ఆటనుకున్నా టీచరమ్మా. చెవిపోటంటే నెల్లాళ్లుగా నూనె కాచి పోస్తున్నా. చెవుడొస్తుందేమోనని నాకు కంటిమీద కునుకు లేదు."

"ఒక్కసారే... సరదాగా అన్నాను. పిల్లలు పట్టుకున్నారు."

అబద్ధమని హాలంతటికీ తెలుసు.

మధ్యాహ్నం ఆయా కూతురి టీసీ కాగితం తెచ్చింది. క్లాసు టీచరుగా ఆమె సంతకం కావాలి.

"పిల్లను ఇక్కడే ఉండనివ్వు. క్లాసులో అందరి ముందూ నేనే తప్పొప్పుకుంటా."

"వద్దమ్మా. మీరు దగ్గరికొస్తేనే చెవులు మూసుకుంటుంది. పెట్టండి."

"మరి నువ్వు?"

"నేనెక్కడికి పోతాను? మీ అందరికీ టీ ఎవరిస్తారు?"

సంతకం పెట్టింది. కిటికీలోంచి చూస్తే తల్లీ కూతుళ్లు గేటు దాటుతున్నారు. పిల్ల చకచకా నడుస్తోంది.

ఆఖరి పీరియడుకు ఆమె ఏడో తరగతిలోకి వెళ్తే పిల్లలు లేచి నిలబడ్డారు. రెండో వరుస చివర ఖాళీ. బల్ల మీద పెన్సిలు పెట్టుకునే గాడిలో శనగగింజంత దూది ఉండ, ఒక పక్క నూనె ఇంకి పసుపుపచ్చగా.