రెండు లెక్కపెట్టాక

అందరూ తిట్టే ఆలస్యాన్ని కొలిచి జీతం తీసుకునేవాణ్ణి నేను. మా ఫోన్ కంపెనీ కంట్రోల్ రూములో గోడ నిండా తెరలు. ఒక్కో పేట నుంచి మాట బయలుదేరి అవతలివాళ్ళ చెవికి చేరడానికి ఎంతసేపు పడుతోందో వాటి మీద అంకెల్లో కనిపిస్తుంది. నలభై మిల్లీసెకన్లయితే ఎవరికీ పట్టదు. ఐదు వందలు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అంటూ కూర్చుంటారు. వెయ్యి దాటితే కాపురాల్లో తగవులు మొదలవుతాయి. వేళాకోళం కాదు, కావాలంటే మా ఫిర్యాదుల రిజిస్టరు చూడండి.

మా రూములో అందరికీ ఒక అలవాటు అంటుకుంది. అవతలివాళ్ళు మాట ఆపగానే మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని అప్పుడు నోరు తెరుస్తాం. మాటలు గుద్దుకోకుండా ఉండడానికి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నా అంతే.

"వీడు ఉప్పు అందివ్వాలన్నా నెట్‌వర్క్ కావాలి" అనేది మా అక్క.

అక్క వేరే పేటలో ఒక్కతే ఉంటుంది, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చిన్నప్పటి నుంచి ఆమెను వసపిట్ట అనేవాళ్ళం. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగలదు. అమ్మ పోయాక ఆమెకు నేను, నాకు ఆమె. రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేసి, ఏమీ తినకుండా బయల్దేరినందుకు చివాట్లు పెట్టేది. ఆ రోజు కూడా పెట్టింది, ఊపిరి తీసుకోకుండా.

తొమ్మిదిన్నరకి ఎక్కడో రోడ్డు తవ్వే యంత్రం మా పెద్ద కేబుల్‌ని తెంపేసింది. తెరలు ఎర్రబడ్డాయి. కాల్స్ అన్నీ చుట్టుదారి పట్టాయి. నలభై ఉన్నచోట తొమ్మిది వందలు. డబ్బు కట్టే పేజీ తిరుగుతూనే ఉందని ఒకరు, ఇంటర్వ్యూలో తన మొహం బిగుసుకుపోయిందని ఒకరు, ఒకటే గోల. పదింటికి అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ" అంది. ఆగింది. నేను అలవాటుగా లెక్కపెట్టాను.

"చేతిలోంచి... కత్తెర..."

ఒకటి, రెండు. మూడు. నాలుగు.

"అక్కా, వినపడుతోందా?"

"పడి... పోతోందిరా."

మాటలు ముద్దముద్దగా, సాగినట్టు వచ్చాయి. అరగంట నుంచి పది మంది అలాగే మాట్లాడారు నాతో.

"నెట్‌వర్క్ చచ్చిందక్కా. కత్తెర సంగతి తర్వాత చూద్దాం. ఇంకెవరికీ ఫోన్ చెయ్యకు, లైను ఇంకా బరువెక్కుతుంది. బాగవగానే నేనే చేస్తా."

కేబుల్ తెగిన రోజుల్లో మావాళ్ళందరికీ చెప్పే మాటే అది. ఆమె ఏదో అనబోయింది. అది పూర్తయ్యేలోపు పెట్టేశాను.

మూడింటికి కేబుల్ అతికింది. తెరలు పచ్చబడ్డాయి. మా మేనేజరు భుజం తట్టాడు. అప్పుడు అక్కకి చేశాను. ఫోన్ చక్కగా మోగింది. లైను ఎంత బాగుందో అని సంతోషించాను, అంత మొద్దుని. రెండోసారి, మూడోసారి కూడా ఎత్తకపోయేసరికి ఆమె ఇంటికి పరిగెత్తాను.

మిషను ముందు కుర్చీలోనే ఉంది. కుడిచెయ్యి తనది కానట్టు వేలాడుతోంది. నోరు ఒక పక్కకి జారింది. కత్తెర నేలమీద ఉంది. ఫోన్ మాత్రం ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆఖరిసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడు?" అని అడిగింది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

"పదింటికి కూడా మాట్లాడిందండీ. నెట్‌వర్క్ లేటుగా ఉంది గానీ..."

"లేటంటే?"

"ఒక్కో మాటకీ ఆగి ఆగి, ముద్దముద్దగా..."

నా మాట నాకే వినపడింది. డాక్టరమ్మ రాయడం ఆపింది.

"అంతకుముందు?"

"ఎనిమిదింటికి బాగానే తిట్టింది."

"మెదడులో గడ్డకట్టిన రక్తం కరగడానికి ఇంజెక్షన్ ఉంది. మాట తేడా వచ్చిన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి" అంది నెమ్మదిగా. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

మర్నాడు ఆఫీసులో ఆ కాల్ వివరాలు తీశాను. అక్క ఉండే పేట ఆ కేబుల్ మీద లేనే లేదు. కాల్‌లో ఆలస్యం ముప్పై ఎనిమిది మిల్లీసెకన్లు. ఆ రోజు నాకు అంత శుభ్రంగా వచ్చిన కాల్ మరొకటి లేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చూపించలేదు. చూపించే ధైర్యం ఇప్పటికీ లేదు.

రెండు నెలలైంది. అక్క ప్రాణానికి భయం లేదంటున్నారు. మాటే పోయింది. రోజూ సాయంత్రం నేను పక్కన కూర్చుని మాటలు పలికిస్తాను. గుండీ. దారం. సూది. ఒక్కోదానికీ నిమిషం పడుతుంది. ఈ ఆలస్యాన్ని కొలిచే తెర మా దగ్గర లేదు.

నిన్న నేను దారం చూపిస్తుంటే దాన్ని పక్కకి తోసేసింది. నా వంక చూసి పెదవులు కదిపింది. చాలాసేపు పట్టింది.

"నెట్... వర్క్..."

నేను ముందుకి వంగాను.

"బా... గైందా?"

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడుగుతోంది.

"బాగైందక్కా" అన్నాను వెంటనే. ఈసారి లెక్కపెట్టలేదు. కానీ ఆమె మాట ఇంకా పూర్తికాలేదు.

"బాగైతే... చేస్తా... నన్నావుగా" అంది.