పొడి పడవలో పంపు

తమ్ముడు లేకుండా అతని పడవ ఒక్కటే దొరికిన నాలుగో రోజున షావుకారు దాన్ని షెడ్డులోకి లాగించి దిమ్మెల మీద నిలబెట్టించాడు. ఇద్దరు పడుకోవడానికి సరిపోయే చిన్న తెరచాప పడవ. సగానికి నీళ్లు నిండి, ఒరిగి తేలుతూ కనిపించిందట. కిందటి నెల దాని అడుగున చీలిక పూడ్చింది షావుకారే. పడవ సామాను అమ్మేవాడికి ఆ మాత్రం పని రాదా అనుకుని మేస్త్రీని పిలవలేదు.

తమ్ముడి భార్య గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"మీరు పూడ్చిందే ఊడిందా బావగారూ? చూసి చెప్పండి. ఏదైనా వింటాను."

కారే చోటు పడవ లోపల వెతికితే దొరకదు. నీరు ఒకచోట దూరి, చెక్కల వెంట పాకి, ఇంకోచోట తేలుతుంది. అందుకే ఈసారి పిలిపించిన పడవల మేస్త్రీ పని తిరగేశాడు. బయట అడుగంతా తుడిచి, సుద్ద పూసి, ఆరాక లోపల బిందెలతో నీళ్లు పోయించాడు. సుద్ద తడిసిన చోటే కన్నం.

షావుకారు కింద దూరి, వెల్లకిలా పడుకుని, తన అతుకు మీదే కళ్లు పెట్టుకున్నాడు. ఐదు బిందెలు. ఎనిమిది. సుద్ద తెల్లగానే ఉంది.

"గట్టిగానే పూడ్చారు షావుకారు గారూ! నా పొట్ట కొట్టేలా ఉన్నారే!" అన్నాడు పైనుంచి మేస్త్రీ.

నాలుగు రోజులకి షావుకారుకి ఊపిరాడింది.

పన్నెండో బిందెకి వెనకవైపు ధార మొదలైంది. పడవ పైన పడ్డ నీరు బయటికి పోయే రబ్బరు గొట్టం, లోపల క్లిప్పు దగ్గర చీలింది. బయటి నీరు ఆ దారినే లోపలికి వచ్చింది.

"వేలు పట్టేంత చీలిక. పడవ సగం నిండడానికి రెండు గంటలు పడుతుంది," అన్నాడు మేస్త్రీ. "చుక్కాని పట్టుకున్నవాడు బకెట్‌తో ఎంతని తోడతాడు? నీళ్లు తోడే చేతిపంపైతే ఒక చేత్తో కొట్టుకుంటూ ఒడ్డుకి వచ్చేసేవాడే. అదీ పాడైందేమో..."

టార్చి వేసి చూశాడు. పంపు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు కన్నాలు. వాటి నిండా నున్నగా లప్పం.

లప్పం పెట్టింది షావుకారే. చీలిక పూడ్చాక వారం రోజులు అడుగు పొడిగా ఉంది. పొడి పడవలో పంపు దండగని విప్పి దుకాణంలో పెట్టాడు. మూడో రోజు అమ్ముడైంది. "పోన్లే అన్నయ్యా, కాళ్లు చాపుకోడానికి చోటొచ్చింది," అని నవ్వాడు తమ్ముడు.

సంగతి అర్థమై మేస్త్రీ వంగి గొంతు తగ్గించాడు. "గొట్టం అని చెప్పి ఊరుకోండి. అబద్ధమేం కాదుగా."

నిజమే. ఆ ఒక్క మాటతో ఇల్లు నిలుస్తుంది, ఊరి నోరు మూతపడుతుంది. ఇంత చవక బేరం అతనికి ఎప్పుడూ తగల్లేదు. మోచేతుల మీద పాకి బయటికొచ్చాడు.

"మీ అతుకేనా?"

"కాదమ్మా. అతుకు నిలిచింది. గొట్టం చీలింది."

ఆమె కళ్లు మూసుకుంది. "ఈ నాలుగు రోజులూ మిమ్మల్ని తిట్టుకున్నాను బావగారూ."

"తిట్టుకో. పంపు ఉంటే వాడు వచ్చేసేవాడు. నేనే విప్పి అమ్మేశాను."

ఆమె కళ్లు తెరిచింది.

"కొన్నవాళ్లు మళ్లీ కనపడ్డారా?"

"మొన్న."

"పంపు పనిచేస్తోందా?"

"బ్రహ్మాండంగా ఉందన్నారు."