వరహాలు పట్టని గాజుతొట్టి

తన పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి వరహాలు హాల్లోని అక్వేరియంలో ఉంటోంది.

గౌరునాయుడు పాలప్యాకెట్టు పట్టుకుని తలుపు తీసేసరికి, భార్య పగడాల మధ్య పెద్దరాయి మీద మోకాళ్లు దగ్గరకు తీసుకుని కూర్చుని ఉంది. ఆకుపచ్చ నేతచీర కట్టుకుంది. చారల చేపలు రెండు ఆమె కొంగులోకి దూరి మళ్లీ బయటికి వస్తున్నాయి.

ఆ అక్వేరియం ఆమెదే. గోడ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గాజు, అందులో ఇసుక, సముద్రపు రాళ్లు, రాళ్ల మీద ఏళ్ల తరబడి ఆమె పెంచుకున్న పగడాలు. కాబట్టి ఆమె అందులో ఉండటం అతనికి వింతగా అనిపించదు. కాఫీ ఒక గ్లాసు కలపాలా, రెండా అన్నదొక్కటే తేలక గాజు ముందు కాసేపు నిలబడతాడు.

ఆమె నోరు తెరుస్తుంది. మాట బుడగై పైకి లేచి నీటి మీద పగులుతుంది.

"లైటు అప్పుడే వెయ్యకండి. పగడాలు ఇంకా లేవలేదు."

మూత వేసి ఉన్నప్పుడు ఆమె మాట్లాడినవన్నీ మూత కింద చేరి ఉంటాయి. పొద్దున్న అతను మూత తియ్యగానే ఒకదాని వెనక ఒకటి పగులుతాయి. గ్యాస్ కట్టారా. పనమ్మాయికి చీర ఇస్తానన్నాను, ఇచ్చారా. ఎవరో తలుపు కొడుతున్నారు. భార్య మాట ఆలస్యంగా వినడం అతనికి కొత్త కాదు.

కొన్నాళ్లకి నీళ్లు బెత్తెడు తగ్గుతాయి. వంటింట్లో అరుగు కింద సముద్రపు ఉప్పు బస్తా ఉంది. సముద్రం తగ్గితే సముద్రమే పొయ్యాలి కదా అనుకుని, గౌరునాయుడు బకెట్లో ఉప్పు వేసి, గరిటె పెట్టి కలిపి, ఒలకకుండా పోస్తాడు. తగ్గినప్పుడల్లా అలాగే పోస్తాడు.

మొదట వరహాలు పాదాలు ఇసుకను వదులుతాయి. తర్వాత ఆమె కింద రాయి ఖాళీ అవుతుంది. ఒకరోజు చూస్తే ఆమె మూతకి వీపు ఆనించి, ముఖం కిందకి పెట్టి, అటక మీద దాచిన పరుపులా తేలుతోంది. అడుగున పగడాలు ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఉప్పు కలిపి పోస్తన్నారా?"

"అవును."

"ఆవిరయ్యేది నీళ్లేనండి. ఉప్పు ఎక్కడికీ పోదు. మంచినీళ్లు పొయ్యాలి."

"చెప్పొచ్చు కదా!"

"ఎంతో ఇదిగా పోస్తన్నారు. ఇన్నేళ్లలో ఈ పక్కకే రాలేదు మీరు. చూడ్డానికి బాగుంటే ఊరుకున్నాను."

అతను సిగ్గుపడి బకెట్టు తీసుకెళ్లి బాత్రూములో బోర్లిస్తాడు.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. అక్వేరియం ఇంటికి వచ్చిన రోజు వరహాలు ఒక మాట అంది, వీటి ముందు చేపలు ఎలా తింటామండీ అని. అప్పటి నుంచి ఆ ఇంట్లో చేప వేగలేదు. దుఃఖంలో ఆకలి చచ్చిపోతుందంటారు. గౌరునాయుడికి చావలేదు. పెద్దకర్మ అయి వారం తిరక్కుండానే అతనికి వంజరం వేపుడు తినాలనిపించింది. పక్కింటివాళ్లు పలకరించి, పాపం ఏమైనా తింటున్నారా అని అడిగినప్పుడు, అతని కళ్ల ముందు కనిపిస్తున్నది వరహాలు కాదు. పెనం మీద మాడీ మాడని అంచు.

జాలరిపేట దగ్గర మెస్సులో తింటాడు. నిమ్మచెక్కతో వేళ్ల సందులు కూడా రుద్దుకుని ఇంటికి వస్తాడు. చేపలన్నీ గాజు దగ్గరకి చేరి అతని కుడిచేతిని చూస్తాయి. చెయ్యి తనంతట తానే చొక్కాలోపలికి వెళ్లిపోతుంది. పిలిచినా బయటికి రాదు. మర్నాడు పళ్లు ఎడమచేత్తో తోముకుంటాడు.

పైన మూతకి ఆనుకుని వరహాలు అన్నీ చూస్తోంది. ఒక్క బుడగ కూడా లేవదు.

ఇంట్లోనే, ఫ్యాను కింద, ఎవరూ చూడకుండా తినాలి. గౌరునాయుడు కోరుకునేది అంతే. అందుకు ఈ సముద్రం చిన్నదైపోవాలి. అడిగినవాళ్లతో మాత్రం మోకాళ్ల నొప్పులనీ, బకెట్లు మొయ్యలేకపోతున్నాననీ చెబుతాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మోకాళ్లు నిజంగానే నొప్పి పెట్టడం మొదలుపెడతాయి. మంచి మోకాళ్లు. అతన్ని అబద్ధాలకోరుగా మిగలనివ్వవు.

అక్వేరియంల షాపు ముస్తఫా కొత్త గాజుతొట్టిని చంకలో పెట్టుకుని వస్తాడు. అది ప్రెషర్ కుక్కరంత ఉంది.

"ఇదైతే పేపరు చదువుకుంటా చూసుకోవచ్చండి నాయుడుగారూ. రెండు చేపలు, ఒక రాయి, ఓ పగడం ముక్క. మిగతా సరుకంతా నేను పట్టుకుపోతాను." పెద్ద గాజులోకి తొంగి చూసి తల గోక్కుంటాడు. "మేడంగారే పట్టరండి."

"కాళ్లు ముడుచుకుంటే?"

"మేడంగారు ముడుచుకుంటారండి. గాజు సాగొద్దా?"

వరహాలు అక్క అచ్చియ్యమ్మకి కబురు అందుతుంది. అనకాపల్లి నుంచి పొద్దున్న బస్సుకే వచ్చి, భుజాన సంచి దించకుండానే చిన్న గాజుతొట్టిని ఎత్తి వెలుగులో పెట్టి చూస్తుంది.

"ఏటిది నాయుడూ? మా గుంటని ఊరగాయ జాడీలో పెడతావేటి?"

"జాడీ కాదు వదినా."

"జాడీయే నయం. మీద గుడ్డ కట్టి అటకెక్కిస్తారు. దీన్ని టీవీ పక్కన పెట్టుకుంటావు కావాల." పెద్ద గాజు దగ్గరకి వెళ్లి మెడ పైకెత్తుతుంది. "ఒసే వరాలూ! నువ్వేటంటావే?"

"మోకాళ్లు నొప్పులంట అప్పా."

"నమ్మినావా?"

రెండో బుడగ పగులుతుంది. "నొప్పెడతన్నాయి కదా మరి. నమ్మకేటి చేస్తాను."

అచ్చియ్యమ్మ మరిది వైపు చూడదు. చూస్తే బాగుండునని అతనికి అనిపిస్తుంది. వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడగకపోయినా, మజ్జిగ కలుపుతాడు.

ముస్తఫా నీలం డ్రమ్ము తెచ్చి, పాత నీళ్లు తోడి, వరహాలును చెయ్యి పట్టుకుని అందులోకి దింపుతాడు. కొత్త నీళ్ల బకెట్టును ఎత్తుపీట మీద పెట్టి, అందులోంచి సన్నని గొట్టం వేసి, గొట్టానికి వదులుగా ఒక ముడి వేస్తాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా డ్రమ్ములోకి జారతాయి.

"ఒకేసారి మార్చేస్తే తట్టుకోవండి ఈ ప్రాణులు. పాతదాంట్లోకే కొత్తది చుక్కచుక్కగా రావాలి. ఎప్పుడు మారిపోయిందో దానికే తెలీకూడదు."

చుక్క పడినప్పుడల్లా వరహాలు తనలోంచి ఒకటి తీసి పైకి అందిస్తుంది, ఇల్లు మారేవాళ్లు సామాను తగ్గించుకున్నట్టు. మొదట పొడుగు. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఇస్తుంది, గౌరునాయుడు సోఫా మీద పెడతాడు. తర్వాత స్కూటరు నడపడం. తర్వాత తుమ్ములు, అన్నీ ఒక చేతిరుమాల్లో కట్టి. అతని చుట్టాలు వచ్చినప్పుడు మొహం చిట్లించే చిట్లింపు ఇచ్చినప్పుడు అచ్చియ్యమ్మ చెయ్యి చాపుతుంది.

"అది నాకియ్యే. మా కోడలికాడ పనికొస్తాది."

అనకాపల్లిలో గడిచిన చిన్నతనం బయటికి వస్తుంది. తడితడిగా, బెల్లం వాసనతో ఉంది. దాన్ని కూడా అచ్చియ్యమ్మే తీసుకుంటుంది. సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టుకుంటుంది.

మిగిలినవి ముస్తఫా ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు పోసి, వాటిల్లో వేసి, రబ్బరుబ్యాండ్లు బిగిస్తాడు. పగడాలు తట్టలో సర్దుతాడు. పని తెలిసినవాడి చేతుల్లో అంతా త్వరగానే అయిపోతుంది. అది గౌరునాయుడికి ఇంకో సిగ్గు. ఇంత తేలిగ్గా అవుతుందని అతను అనుకోలేదు. అవ్వాలని కోరుకున్నది అతనే అయినా.

చివరికి డ్రమ్ములో రెండే ఉన్నాయి. ఆమె మాట, ఆమె చూపు. చిన్న గాజుతొట్టిలో రెండు చేపలూ రాయీ పోగా ఒక్కదానికే చోటుంది.

"ఏది ఉంచుకుంటారు?" అని మాట అడుగుతుంది. చూపు అతన్నే చూస్తోంది.

గౌరునాయుడు ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమురుకుంటాడు. ఆలోచించడానికి ఏమీ లేదు.

"మాట."

"వంజరం కోసమేనా?"

అచ్చియ్యమ్మ మజ్జిగ గ్లాసు కింద పెడుతుంది. ముస్తఫా రబ్బరుబ్యాండును వేలికి చుట్టుకుంటూ గోడవైపు తిరుగుతాడు.

"అవును," అంటాడు గౌరునాయుడు.

మోకాళ్ల నొప్పి అక్కడికక్కడ పోతుంది. ఏ సాకూ లేకుండా రెండు కాళ్ల మీద నిలబడాల్సి వస్తుంది.

ముస్తఫా చూపును సంచిలో పెట్టి మూతి కట్టి పట్టుకెళ్తాడు. మెట్లు దిగుతున్నంతసేపూ అది సంచిలోంచి వెనక్కే చూస్తోంది. అచ్చియ్యమ్మ కూడా చెప్పులు వేసుకుంటుంది. గుమ్మం దగ్గర ఆగి, "తిను నాయుడూ. కడుపు నిండా తిను," అంటుంది. ఆ మాటలో తిట్టు ఎక్కడుందా అని అతను చాలాసేపు వెతుకుతాడు. దొరకదు. దొరికి ఉంటే కాస్త తేలికపడేవాడు.

మర్నాడు వంజరం తెచ్చి, కారం పట్టించి, వేపుతాడు. ఫ్యాను వేసుకుని కూర్చుంటాడు. ఖాళీ పెద్ద గాజు వెనక, ఇన్నేళ్లూ ఎవరూ చూడని గోడ బయటపడి ఉంది. టీవీ పక్కన చిన్న గాజుతొట్టిలో రెండు చేపలు రాయి చుట్టూ తిరుగుతున్నాయి. ఎవరూ అతన్ని చూడటం లేదు. కోరుకున్నది కోరుకున్నట్టే ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాడు.

బుడగ పగులుతుంది. "బాగా వేగిందా?"

"ఆఁ."

"నాకో ముక్క పెట్టరూ?"

అతని చెయ్యి కంచంలో ఆగిపోతుంది. "నువ్వు మానేశావు కదా!"

"మీరు మానేశారు. మీ ముందు కూర్చుని నేనొక్కదాన్నీ ఎలా తింటాను?"

"వీటి ముందు ఎలా తింటామని నువ్వే కదా అన్నావు?"

"ఆ ఒక్కరోజుకన్నానండి. కొత్త చేపలు, బెదురుతాయని. మర్నాడు మీరు తెస్తారని చూశాను. ఆ పై ఆదివారం తెస్తారనుకున్నాను. తర్వాత మీకే ఇష్టం పోయిందేమో అనుకున్నాను."

గౌరునాయుడు మంచి ముక్క తుంచి గాజుతొట్టిలో వేస్తాడు. అది మెల్లగా అడుగుకి జారుతుంది. చారల చేపలు రెండూ రాయి వెనక్కి పోయి నక్కుతాయి.

"ఎక్కడ పెట్టారు? కనపడ్డం లేదు."

"నీ ఎదురుగానే ఉంది."

"ఎదురుగా అంటే ఎటండీ?"

అతను ఎంగిలిచేత్తోనే ముస్తఫాకి ఫోను చేస్తాడు.

"మేడంగారి చూపా అండి? షాపులో ఉంచానండి, నిజంగా. ఒక్క కస్టమరూ లోపలికి రాలా. గుమ్మందాకా రావడం, చొక్కా గుండీలు సరిచూసుకోవడం, వెళ్లిపోవడం. ఏం చేయనండి? పొద్దున్నే బీచిలో వదిలేశాను."

గౌరునాయుడు ఒక చేత్తో కంచం, ఒక చంకలో గాజుతొట్టి పెట్టుకుని మెట్లు దిగుతాడు. సముద్రం వాళ్ల వీధి చివరే ఉంది.

అది తెరుచుకుని ఉంది. ఇటు జాలరిపేట నుంచి అటు డాల్ఫిన్ కొండదాకా తెల్లగా, నడిమధ్యన నల్లగా, సముద్రమంతా చూస్తోంది. లంగరేసిన ఓడ ఒకటి అందులో నలుసులా కదులుతోంది. ఒడ్డున ఉన్నవాళ్లు తలకాయలు దించుకుని, ఇసుకలో ఏదో పోగొట్టుకున్నట్టు నడుస్తున్నారు. నల్లటిది నెమ్మదిగా అతని మీదికి తిరుగుతుంది. అతని మీద, కంచం మీద, కారం అంటిన వేళ్ల మీద నిలుస్తుంది. కుక్కరంత గాజులో ఇమడలేదు కాబట్టి ఈ చూపుని పంపేశాడు. ఇప్పుడు దీని నుంచి పక్కకి తప్పుకుని నిలబడే చోటంటూ ఊళ్లో లేదు.

అతని మొహం చెవులదాకా కాలుతుంది. కానీ కంచం దాచడు. తడి ఇసుక మీద బాసింపట్టు వేసుకుని, గాజుతొట్టిని తొడ పక్కన ఆనించుకుంటాడు.

"కనిపిస్తోందా?"

"ఆఁ. ఆ తోకవైపు ముక్క. ముళ్లుంటాయి, చూసి తియ్యండి."

అతను తీస్తాడు. పెద్దముల్లు తీసి, సన్నవి వేలికొసతో తడిమి తడిమి తీసి ఇసుక మీద వరసగా పెడతాడు. భార్యకి ఎప్పుడూ ముళ్లు తీసి పెట్టలేదు. సముద్రం అతని చేతినే చూస్తోంది.

ముక్క సిద్ధమయ్యాక పైకెత్తి పట్టుకుంటాడు. సముద్రం మెల్లగా కళ్లు మూసుకుంటుంది, ఇష్టమైనది నోటి దగ్గరికి వచ్చినప్పుడు మూసుకున్నట్టు. ఎక్కడో చివరన, నీళ్లకీ ఆకాశానికీ మధ్య ఉన్న గీత వేలెడంత తెరుచుకుని ఎదురుచూస్తోంది.

గౌరునాయుడు చెయ్యి చాస్తాడు. చెయ్యి నురగ దాటుతుంది, తెప్పలు దాటుతుంది, ఇంకా వెళ్తూనే ఉంది. ఓడ లంగరు ఎత్తి దారి ఇస్తుంది. దారి పొడుగునా చేపలు నీళ్లలోంచి తలలెత్తి, ముక్క చల్లారిపోకుండా దాని మీద తమ వెచ్చటి ఊపిరి ఊదుతున్నాయి.