మిషన్ లోపలి మిషన్

“అన్నం పెడతాదా అది, పొద్దున్నే దాని ముందర కూలబడేదానికి?” అనింది యశోదమ్మ. అని ఊరుకోలేదు, నానబెట్టిన అనపగింజల బేసిన్ తెచ్చి కీబోర్డు పక్కన టప్పుమని పెట్టింది. పితికిపప్పు చెయ్యాల. డిసెంబరు వచ్చిందంటే చింతామణిలో ఏ ఇంట్లో చూడు ఇదే పని, ఒక్కొక్క గింజనీ బొటనవేలితో నొక్కాల, తొక్క ఒక పక్కకి, పప్పు ఒక పక్కకి పోవాల, గంటన్నర పితికితే తినేదానికి పది నిమిషాలు, తిన్నాక కొడుకు “మా అమ్మ చేసే పితికిపప్పు సారంటే ఇదప్పా” అంటాడు, ఆ అమ్మ చేసిందల్లా బేసిన్ తెచ్చి పెట్టడమే అని ఎవురూ అనరు. అర్పిత ఎడమ చేత్తో పితుకుతా కుడి చేత్తో టైప్ చేసింది. “పని చేస్తానే ఉండాను కదత్తా” అనింది. “ఏ పని? టకటకా కొట్టడం పనా?” అని ఆమె లోపలికి పోయింది.

ఇంటి ముందు గదిలో ఆరు కంప్యూటర్లు. బయట బోర్డు మీద అర్పిత మొగుడు పురుషోత్తమ్ పేరు, పేరు పక్కన ఎం.సి.ఏ. అని, అతను చదివింది రెండే సెమిస్టర్లు. బెంగళూరులో బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్ ఫస్ట్ క్లాసులో పాసైన అర్పిత పేరు ఆ బోర్డు మీద యాడా లేదు. “ఇంట్లో మనిషికి బోర్డెందుకే” అన్నాడు పెళ్ళయిన కొత్తలో, ముద్దుగా అన్నట్టే అన్నాడు, ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వు గుర్తొస్తే తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది ఇప్పటికీ.

మొన్న దీపావళి తర్వాత, దొంగ విండోస్ సీడీలు వాడే సెంటర్లని చెక్ చేస్తాండారని ఊర్లో పుకారు లేచింది. పురుషోత్తమ్‌కి భయం పట్టుకుని ఒక్క దినంలో ఆరు మిషన్లలోనూ లినక్స్ వేయించేశాడు. ఫ్రీ కదా అన్నాడు. వేయించినాక తెలిసింది, కన్నడ టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదని. అర్జీలూ లగ్నపత్రికలూ అన్నీ ఆగిపోయినాయి. తల పట్టుకుని కూర్చున్నాడు, మూడో దినం “ఏందో చూడవే” అన్నాడు, నీళ్ళ మోటారు ఎందుకు తిరగలేదో చూడమన్నట్టు.

ఆమె చూసింది. రాత్రీ పగలూ కాదు, పాపని స్కూల్లో దింపొచ్చినాక రాగిముద్దకి ఎసరు పెట్టేలోపల, బట్టలు నానేలోపల, ఆ సందుల్లో చూసింది. లినక్స్ తీసెయ్యక్కరలేదు, దాని లోపలే ఒక వర్చువల్ మిషన్ పెట్టి, అందులో మన దగ్గరుండే ఒకే ఒక్క అసలైన విండోస్ సీడీని ఎక్కించొచ్చు, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, ఉత్తుత్తిదే కానీ నిజంగా నడుస్తుంది! డౌన్‌లోడ్ కావడానికే ఒక పూట పట్టింది. ఇన్‌స్టాల్ చేస్తే కెర్నల్ మాడ్యూల్ లేదని ఎర్రర్. కెర్నల్ హెడర్స్ వేసింది, కంపైలర్ వేసింది, మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఎర్రర్, పర్మిషన్ లేదంట. ఓహో, యూజర్‌ని దాని గ్రూపులో చేర్చాల. చేర్చి, లాగౌటై, లాగిన్నై, బొటనవేలికి అంటుకున్న అనపతొక్కతోనే ఎంటర్ నొక్కితే, నల్లటి చిన్న కిటికీ తెరుచుకుని లోపల విండోస్ లేచి కూర్చునింది. అర్పిత కుర్చీలోనే ఎగిరింది. గట్టిగా అరవాలనిపించింది. ఎవరికి చెప్పాల? వంటింట్లో కుక్కర్ కూసింది, అంతే.

ఆ మిషన్‌లో మొత్తం మెమరీ ఐదొందల పన్నెండు ఎం.బి. లోపలి విండోస్‌కి ఎంతియ్యాలని అడిగితే ఆమె నూటాతొంభైరెండు ఇచ్చింది, ఎక్కువిస్తే కింద మోసేది ఊపిరాడక ఆగిపోతుంది. లోపలుండేదాన్ని గెస్ట్ అంటారు, కింద మోసేదాన్ని హోస్ట్ అంటారు. గెస్ట్‌కి తను గెస్టని తెలీదు. ఈ ప్రాసెసరు నాది, ఈ డిస్కు నాది, మొత్తం మిషనంతా నేనే అనుకుని దర్జాగా నడుస్తుంది, కింద ఇంకొకటి మోస్తాంటేనే తను బతికుందని దానికి ఎవరూ చెప్పరు. అది చదివినప్పుడు అర్పిత పితికే చెయ్యి ఆపి కాసేపు స్క్రీన్ని అట్లే చూసింది. అయ్యో, ఈ మొగుడికి ఎన్నేండ్లుగా మొత్తం ఐదొందల పన్నెండూ ఇచ్చేసినానే అనుకునింది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. గిరాకీ ముందు పురుషోత్తమ్‌కి ఏదన్నా తెలీకపోతే “నీళ్ళు తీసుకురా” అంటాడు. అర్పిత చెంబు తెచ్చి పెట్టేదానికి వంగి, స్క్రీన్ చూసి, చిటికెన వేలితో నొక్కాల్సింది నొక్కేసి పోతుంది. మరీ పెద్ద చిక్కైతే “కాఫీ”. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు, ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు. సాదలి నుంచి లగ్నపత్రిక కొట్టించేదానికొచ్చిన వెంకటరాయప్ప మూడు చెంబులు తాగి “మీ ఇంటామె చానా మంచిదప్పా పురుషోత్తమా, నీళ్ళకి కరువులేదు నీ సెంటర్లో” అన్నాడు. పురుషోత్తమ్ నవ్వినాడు. “నేర్పించినా సామీ” అన్నాడు. ఆ నేర్పించినా అనే మాట అర్పిత ఎన్ని పాత్రలు తోమినా పోలేదు.

ఇంక ఆ కాలేజీ ప్రకటన. చిక్కబళ్ళాపురంలో ఆడపిల్లల కాలేజీ ఒకటి, ల్యాబ్‌లో ఇరవై మిషన్లు, అన్నీ లినక్స్, వాటిల్లో కన్నడ సాఫ్ట్‌వేర్ నడిచేట్టు చేసిచ్చే మనిషి కావాల, చేసిన వాళ్ళనే ల్యాబ్ ఇన్‌చార్జ్‌గా పెట్టుకుంటారంట. పేపర్లో చూసింది అర్పిత. కత్తిరించింది అర్పిత. పొద్దున టిఫిన్ పెడతా ప్లేటు పక్కన ఆ ముక్క పెట్టి “నేను పోతానండీ దీనికి” అనింది. అతను చదివినాడు, ఇడ్లీ నములుతా రెండోసారి చదివినాడు. “మంచి చాన్సే. నేను ఫోన్ చేస్తా” అన్నాడు. చేశాడు కూడా. ఆమె ముందరే, “ఔను మేడమ్, నేనే చేసింది, మా సెంటర్లో నడస్తాండాది, మీరే వచ్చి చూడండి” అన్నాడు. ఫోన్ పెట్టేసి “శనివారం వస్తారంట, ఉప్పిట్టు చెయ్యి, జీడిపప్పు వెయ్యి” అన్నాడు. నాలుగు దినాలు ఆమె ఆ జీడిపప్పుని నమలకుండా నమిలింది. ఒక్క మాట, అర్పిత చేసింది అనే ఒక్క మాట, నోట్లోంచి వస్తే ఇతని పళ్ళు రాలిపోతాయా?

శనివారం పదకొండుకి ప్రిన్సిపల్ సుజాతమ్మ వచ్చింది. నూలు చీర, చేతిలో డైరీ, కూర్చుంటానే పనిలోకి దిగే మనిషి. అర్పిత వంటింట్లో ఉప్పిట్టుకి రవ్వ వేయిస్తా వింటా ఉంది. కన్నడ అక్షరాలు వచ్చినాయి, భేష్ అనింది సుజాతమ్మ. “ఇప్పుడు పక్కనే లినక్స్‌లో ఒక ఫైలు తెరవప్పా, రెండూ ఒకేసారి నడుస్తాయా చూద్దాం.”

మౌస్‌ని బల్లకేసి కొట్టే చప్పుడు. మళ్ళీ కొట్టే చప్పుడు.

“ఏమే, కాఫీ తీసుకురా!”

అర్పిత గ్లాసులు తట్టలో పెట్టుకుని వచ్చింది. చూస్తే, బాణం గుర్తు ఆ చిన్న కిటికీలో ఇరుక్కునుంది. పురుషోత్తమ్ మౌస్‌ని ఎటు లాగినా అది గోడకి తగిలి ఆగిపోతాంది, గుంజతాడు, పైకెత్తి ఊదతాడు, దులుపతాడు. “మౌస్ చెడిపోయింది మేడమ్, ఈ లోకల్ మాలంతా ఇంతే.” అంటానే కళ్ళతో అర్పితకి సైగ. “ఇక్కడ పెట్టు కాఫీ. ఇక్కడ, ఇక్కడ” అని కీబోర్డు పక్కన వేలితో తట్టినాడు.

ఆమె గ్లాసు సుజాతమ్మ చేతికిచ్చింది. రెండోది అతని చేతికిచ్చింది. తట్ట గుండెలకు పట్టుకుని నిలబడింది.

“పెట్టి పో” అన్నాడు.

పోలేదు. తన కాళ్ళు పోకపోవడం ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. ఏడేండ్లుగా ఆ బల్ల దగ్గర వంగి వంగి నడుము ఒక కొలతకి అలవాటుపడిపోయింది, ఇవాళ వంగనంటోంది, అంతే, ఇంతకుమించి ధైర్యమేం కాదది.

“ఏమమ్మా, ఏమన్నా చెప్పాల్నా?” అనింది సుజాతమ్మ.

“మౌస్ చెడలేదు మేడమ్. కంట్రోల్ కీ నొక్కితే బయటికొస్తాది.”

పురుషోత్తమ్ నొక్కినాడు. రాలేదు. “చూడండి మేడమ్, నేను చెప్పలే?” అన్నాడు.

“అది ఎడమది. కుడి పక్కది నొక్కండి. అన్నం తినే చెయ్యి పక్క.”

సుజాతమ్మకి కాఫీ పొలమారింది. అతను నొక్కినాడు, బాణం గుర్తు బయటపడింది. అతని చెవులు మిరపకాయలు. సుజాతమ్మ కుర్చీ ఇటు తిప్పింది. గెస్ట్‌కి మెమరీ ఎంతిచ్చినారు, మాడ్యూల్ ఎక్కకపోతే ఏం చేసినారు, ఇరవై మిషన్లకీ మొదట్నుంచి వెయ్యాల్నా ఒకటి చేసి కాపీ తియ్యొచ్చా అని గబగబా అడిగింది, అర్పిత గబగబా చెప్పింది, చెప్తాంటే మాట మీద మాట పడతాంది, ఇన్నేండ్లు మూతేసిన కుక్కర్ కదా.

“ఇదంతా చేసిందెవరు?”

“నేను చెప్తాంటే ఆమె టైప్ చేసింది మేడమ్” అన్నాడు పురుషోత్తమ్. “చెయ్యి స్పీడు బాగుండాది.”

సుజాతమ్మ మొగుణ్ణీ పెళ్ళాన్నీ చూసింది. వాకిలి దగ్గర కొంగు నడుముకి దోపుకుని నిలబడుండే అత్తని చూసింది, గోడకి తగిలించిన పాప స్కూలు బ్యాగుని చూసింది. ఆమెకి అంతా అర్థమయిపోయిందని అర్పితకి తెలిసింది, ఒక్క క్షణం రెక్కలొచ్చినట్టయింది.

“చూడమ్మా” అనింది సుజాతమ్మ మెత్తగా, “నీకు సంసారముండాది, చిన్న పాప ఉండాది. దినామూ ఇంత దూరం బస్సులో తిరగడమంటే... నేనూ పడినదాన్నే. అందుకే చెప్తాండా. ఒక పని చెయ్. ఒక్కొక్క స్టెప్పూ ఒక నోట్‌బుక్‌లో రాసిచ్చేయ్. మీ ఆయన వచ్చి చూసి చేస్తారు. ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా, ఎవరు చేస్తే ఏమి?”

ఇది అతను అనుంటే అలవాటే. ఇన్ని డిగ్రీలు చేసి, తన పేరు తాను బోర్డు మీద రాయించుకున్న ఆడమనిషి అనింది. అర్పిత లోపల ఏదో చల్లగా అయిపోయింది, కోపం కాదు, కోపం దాటినాక వచ్చేదేదో. పురుషోత్తమ్ అప్పటికే సొరుగు లాగి కొత్త నోట్‌బుక్ తీసి, పెన్ను మూత కూడా తీసి ఆమె ముందు పెట్టినాడు. “రాయవే, మేడమ్‌కి బస్ టైమవుతాది” అన్నాడు, అంత ప్రేమగా ఎన్నేండ్లకి విన్నదో.

“రాసియ్యను మేడమ్” అనింది అర్పిత.

“ఏమి?”

“మిషన్లు నేనే వచ్చి చేస్తా. సోమవారం వస్తా. తొమ్మిదికి ల్యాబ్ తెరిపించి పెట్టండి.”

“నీకు పిచ్చా ఏమే?” అని లేచినాడు పురుషోత్తమ్. సుజాతమ్మ డైరీలో సోమవారం పేజీ వెతికింది. వాకిలి దగ్గర్నుంచి యశోదమ్మ గొంతు లేచింది, వీధికంతా వినిపించేట్టు. “నువ్వు పోతే ఈ ఇంట్లో ముద్ద తిప్పేదెవరే? పాపకి జడలేసేదెవరు? గింజలు పితికేదెవరు?”

అర్పిత కుర్చీ లాక్కుని కూర్చునింది. నోట్‌బుక్ దగ్గరికి జరుపుకుని, మొదటి పేజీ తెరిచి, పైన ఒకటి అని అంకె వేసి, పక్కన ముద్దకి ఎసరు అని రాసింది.

“రాసిస్తా అత్తా” అనింది. “ఒక్కొక్క స్టెప్పూ రాసిస్తా. మీ కొడుకు చూసి చేస్తారు.”