వస్తామన్నవాళ్లు

లైట్ల తమ్ముడు పగలు ఇళ్లకు వైరింగు చేస్తాడు, సాయంత్రాలు స్టేజీకి దీపాలు కడతాడు. వాళ్లక్క టైలరు. మిషను తొక్కుతూనే డైలాగులు కంఠతా పట్టేసే మనిషి. మార్కెట్ వెనకాల చిన్న హాల్లో ఏళ్ల తరబడి నాటకాలాడింది. చూసేవాళ్లు ఎప్పుడూ ఆ యాభై మందే. ఒక్కసారన్నా నిండిన పెద్ద హాల్లో ఆడాలని ఆమె ఆశ. ఇప్పుడా ఆశకి గడువు పడింది. గొంతులో గడ్డ. కోశాక మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. నాటకం ఆదివారం, ఆపరేషను సోమవారం.

నాటకమంటే అక్కే సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పిలిచేది. "పిన్నీ, ఆదివారం నాటకం. మోకాళ్ల నొప్పులంటే ఊరుకోను, కుర్చీ ముందు వరసలో వేయిస్తా" అనేది. ప్రచారమంటే అదే. ఈసారీ అందరినీ పిలిచి ఇంటికొచ్చిన రోజే డాక్టరు ఆమె నోటికి తాళం వేశాడు. ఆ గొంతు స్టేజీకే దాచుకోవాలట.

"నువ్వు కూర్చో, జనాన్ని నేను తెస్తా" అన్నాడు తమ్ముడు. గడపలెక్కడం వాడికి నామోషీ. ఫోన్లో 'మన పేట మన మాట' అని గ్రూపుంది. పిల్లి తప్పిపోయినా, కుళాయి రాకపోయినా జనమంతా అందులోనే కాపురం. నాటకం ఫొటో పెట్టాడు. పలికిన నాథుడు లేడు. మర్నాడు అక్కకి తెలియకుండా ఆమె గొంతు సంగతి రాసి, "మా అక్క మాట వినడానికి ఇదే ఆఖరిసారేమో" అన్నాడు. అబ్బో, ఇక చూడండి! ఏడుపు బొమ్మలు, దండాలు, గుండెలు. "ఇంటిల్లిపాదీ వస్తాం!" "మనవాళ్లకి మనం రాకపోతే ఎవరొస్తారండీ!" వస్తామన్నవాళ్లు ఐదొందలు దాటారు.

కుట్టుపనికొచ్చిన ఒకావిడ అది అక్కకి చూపించింది. ఆమె మొహం నల్లబడింది. తన రోగాన్ని ఊరంతా చాటినందుకు తమ్ముణ్ణి చెడామడా తిట్టాల్సిందే, కానీ నోరు మెదపకూడదు కదా. తర్వాత ఆ ఐదొందల అంకె చూసింది. కోపం ఎటు పోయిందో పోయింది. పిచ్చి మనిషి, అద్దం ముందు నిలబడి చీర కొంగు సర్దుకుంది.

తమ్ముడు ఆగుతాడా! చిన్న హాలు వదిలేసి పెద్ద హాలు మాట్లాడాడు. ఆ మాట గ్రూపులో పెట్టాడు. అక్క చేత్తో మార్కెట్ వైపు చూపించి, మరి నేను పిలిచినవాళ్లకో అన్నట్టు కనుబొమలెగరేసింది.

"అందరికీ చెప్పేశా అక్కా, నువ్వు బెంగపడకు" అన్నాడు వాడు. గ్రూపులో పెడితే అందరికీ చెప్పినట్టే అనుకున్నాడు మరి.

ఆదివారం తెర లేచింది. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అని పెద్దలు ఊరికే అన్నారా? అంత హాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఇద్దరు హాలు ఊడ్చేవాళ్లు. తమ్ముడు సిగ్గుతో చచ్చిపోయి, ఖాళీ కుర్చీలు అక్కకి కనిపించకూడదని హాల్లో దీపాలన్నీ ఆర్పేశాడు. ఆమెకి తెలియకపోతేగా! అయినా చివరి వరసలో మనిషున్నట్టే గొంతెత్తి ఆడింది. అలాంటి ఆట ఆమె ఎన్నడూ ఆడలేదు. చూడాల్సినవాళ్లే లేరు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి కారెక్కారు. తమ్ముడి ఫోను మోగుతూనే ఉంది. "అయ్యో, మర్చిపోయామండీ! వీడియో పెట్టండి, తీరిగ్గా చూస్తాం" అంటోంది గ్రూపు. వాడికి ఒళ్లు మండి ఫోను జేబులో కుక్కేశాడు.

మలుపులో, ఎప్పుడూ అక్క నాటకాలకొచ్చే రిటైరైన పోస్టుమాన్ తాత చెయ్యి అడ్డం పెట్టి కారాపాడు. కిటికీలోంచి అక్కని చూసి, "హమ్మయ్య, బాగానే ఉన్నావా తల్లీ!" అన్నాడు. "నిన్న ఎంత హడలిపోయామో తెలుసా? నువ్వు పిలిచావు కదా అని అందరం వెళ్తే మార్కెట్ వెనకాల హాలుకి తాళం. నీకేమన్నా అయిందేమోనని ఎవరూ కదల్లేదమ్మా. చీకటి పడేదాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాం. మోకాళ్ల పిన్ని అయితే ఒకటే ఏడుపు."

మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడమంటే ఇదే. తమ్ముడు తలెత్తలేకపోయాడు.

కారు కదిలాక అక్క వాడి వైపు తిరిగింది. నిన్నటి ఆటకి గొంతు బొంగురుపోయింది.

"అందరికీ చెప్పానన్నావు కదరా" అంది.

ఆమె మళ్లీ అడగలేదు, ఆసుపత్రి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆపరేషను బాగానే జరిగింది. మాట మాత్రం పోయింది. అక్క ఇప్పుడూ మిషను తొక్కుతుంది, తమ్ముడు అన్నం తిన్నాడో లేదో సైగ చేసి అడుగుతుంది. వాడు తలూపుతాడు. అన్ని నాటకాలు పలికిన ఆ గొంతు చిట్టచివరికి పలికింది తనతో ఆ ఒక్క ముక్కే అని వాడికి తెలుసు.