కొండల కబురు

మా రేవులో సాయంత్రం ఆరింటికి రేడియోలో వాతావరణం చెబుతారు. ముందు సముద్రం, తర్వాత తీరం, చివర మధ్య కొండలు. ఆ చివరి ముక్క మా తెప్పల మీద ఎవరూ వినరు. "ఇక మధ్య కొండ ప్రాంతాల్లో..." అని చదివే పిల్ల గొంతు ఎత్తుకోగానే ఒక తెప్ప మీద రేడియో టక్కుమని ఆగుతుంది, పక్క తెప్ప మీద ఇంకొకటి, అలా టక్, టక్, టక్ అంటూ రేవంతా నోరు మూసేస్తుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇదే తంతు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మీట నొక్కే హక్కు ఆయనది. పోయాక నాకొచ్చింది. బ్యాటరీ ఆదా అనేవాడు. బ్యాటరీ ఏమిటి నా మొహం, అది ఒట్టి పొగరు. నీళ్ళ మీద పుట్టి నీళ్ళ మీదే పోయే మాకు కొండల మీద వాన పడితేనేం, ఎండ కాస్తేనేం అనుకునేవాళ్ళం.

అలాంటి తెప్ప మీదికి నా కొడుకు యాచెంగ్ ఒక కొండ పిల్లని కోడలిగా తెచ్చాడు. ఈ హైనాన్ తీరం చుట్టూ వాడికి ఒక్క తెప్పలవాళ్ళ పిల్లా దొరకలేదట! పైన రబ్బరు తోటల్లో చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసే ఇంటి పిల్ల, ఈత కూడా రాదు. పేరు చున్‌లాన్. కొత్తలో కాస్త అల వస్తే చాలు, తెప్ప తేలడానికి అంచున కట్టిన నీలం డ్రమ్ముని కావిలించుకుని కళ్ళు మూసుకునేది. చూసి అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

రెండేళ్ళలో ఈత నేర్చింది, నేనే నేర్పాను. వల కుట్టడం నేర్చింది, నాకంటే సన్నగా కుడుతుంది. ఆ సంగతి దాని మొహం మీద ఒక్కసారి కూడా అనలేదు నేను. ఒక్క అలవాటు మాత్రం మానలేదు. నేను రేడియో కట్టెయ్యగానే తెప్ప చివరికి పోయి, ఫోన్ చెవికి ఆనించుకుని కొండల ముక్క వినేది.

"మొదలైంది తల్లీ, కొండల పారాయణం," అనేదాన్ని.

"మా అమ్మా, నింగ్‌నింగూ అక్కడున్నారు కదత్తా," అనేది.

నింగ్‌నింగ్ నా మనవరాలు. రెండేళ్ళప్పుడు పలకల సందులోంచి నీళ్ళలో జారిపోతే నేనే జుట్టు పట్టుకుని పైకి లాగాను. "గట్టు మీద ఇల్లు కట్టుకునేదాకా పిల్లని మీ అమ్మ దగ్గర ఉంచు," అన్నది నేనే. అలా నాలుగేళ్ళు గడిచాయి. పదహారు వలగూళ్ళలో మచ్చచేపలు పెంచాం, ఒక్కోటి ఎత్తితే చంటిపిల్లంత బరువు. వాటిని అమ్మగానే గట్టు మీద రెండు గదులు, సెప్టెంబరులో బడి తెరిచేనాటికి పిల్ల మా దగ్గరికి. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. గులాబీ రంగు బడిసంచి కూడా కొని గుడిసెలో మేకుకి తగిలించాను. చున్‌లాన్ పొద్దున్నే లేచి దాని మీద దుమ్ము లేకపోయినా తుడిచేది.

ఆగస్టు చివర్లో ఒక తుఫాను మమ్మల్ని తప్పించుకుని దక్షిణంగా పోయింది. రెండు రోజులు గట్టు మీద బడిలో తలదాచుకుని తెప్పలకి తిరిగొచ్చాం. ఒక్క తాడు తెగలేదు. చేపలు కొనేవాడి పడవ ఎల్లుండి వస్తానంది. ఆ సాయంత్రం రేడియోలో సముద్రం మంచి మాటే చెప్పింది: గాలి తగ్గుతుంది, అల మీటరు లోపే. తీరానికీ అంతే, కాస్త మబ్బు. నేను వక్క నోట్లో వేసుకుని మీట మీద చెయ్యి పెట్టాను.

"అత్తా, ఈ ఒక్క రోజు కట్టకండి."

"ఏమే?"

"మా అమ్మ ఫోన్ చేసింది. తుఫాను పోయినా మబ్బు కొండ మీదే కూర్చుందంట. మూడు రోజులుగా దంచుతోందంట. వాగు మా గుమ్మం మూడో మెట్టు దాకా వచ్చిందంట."

"అయితే నాలుగో మెట్టెక్కి కూర్చోమను మీ అమ్మని."

యాచెంగ్ కిసుక్కున నవ్వాడు. నేను టక్కున కట్టేశాను. చుట్టూ తెప్పల మీద కూడా టక్కులు వినిపించాయి. చున్‌లాన్ ఈసారి తెప్ప చివరికి పోలేదు. నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయత్తా? ఆ కొండల ఏర్లు రెండూ ఈ రేవులోకే కదా దిగేది. మన రేవు మూతి ఇంత సన్నం. రేపు మధ్యాహ్నానికి ఇక్కడంతా మంచినీళ్ళయిపోతాయి, ఈ ఉప్పునీటి చేపలు బతకవు. తెప్పని మూతి దగ్గరికి లాగించేద్దాం, అక్కడ ఉప్పు ఉంటుంది."

"ఎల్లుండి పడవ వస్తుంటే ఇవాళ తెప్ప లాగుతావా? చేపలు వలకి రాసుకుని పొలుసులు లేస్తే వాడు ముట్టుకుంటాడా?"

"పోనీ గూళ్ళన్నా లోతుకి దించుదాం. మంచినీళ్ళు పైనే తేలతాయి, కింద ఉప్పు నిలుస్తుంది. మూతలు కుట్టి రెండు బారలు దించితే చాలు. ముగ్గురం పట్టుకుంటే పొద్దున్నకి అయిపోతుంది."

నాకు ఒళ్ళు మండింది. "నీకు ఈత నేర్పిందెవరే?"

"మీరే."

"మరి సముద్రం సంగతి నువ్వు నాకు చెప్పేదేంటి? అరవై మూడేళ్ళుగా ఉంటున్నా ఈ నీళ్ళ మీద. కొండ మీద ఎన్ని వానలు పడలేదు, ఎప్పుడైనా ఒక్క చేప చచ్చిందా?"

నిజంగానే ఎప్పుడూ చావలేదు. అప్పుడు కొండల మీద అడవి ఉండేది, పడిన నీళ్ళని పట్టి ఉంచేది. ఇప్పుడు అంతా పోక తోటలు. ఆ తోటల వక్కే నా బుగ్గలో ఉంది. ఇవన్నీ తర్వాత తెలిసిన తెలివితేటలు, ఎవడికి కావాలి?

చున్‌లాన్ మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవా?"

యాచెంగ్ నా మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, చివరికి గంజి గిన్నె చూసుకున్నాడు. "అమ్మకి తెలుసులే," అన్నాడు. వాడికి నోరు నేనే లేకుండా చేశాను, ఇంకెవర్ని తిట్టుకోను.

తెల్లారి నేను లేచేసరికి చున్‌లాన్ చివరి గూటి దగ్గర వంగి ఉంది. "ఏం చేస్తున్నావే?" అన్నాను.

"చిరుగు కుడుతున్నా అత్తా."

ఎండ నిగనిగలాడుతోంది. గాలి లేదు. రేడియో చెప్పింది చెప్పినట్టు ఉంది. నేను పాత చీపురు పట్టుకుని పలకలన్నీ కడిగాను, పడవ వచ్చేటప్పటికి తెప్ప శుభ్రంగా ఉండాలని.

మధ్యాహ్నం అన్నాల వేళ మొదట రంగు మారింది. ఏటి మూతి వైపు నుంచి టీ డికాషన్ లాంటి నీళ్ళు, వాటి మీద ఆకులు, పోక మట్టలు, చచ్చిన కోడి ఒకటి. నేను వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. నా జన్మలో ఆ రేవు నీళ్ళు తియ్యగా ఉండటం ఎరగను.

మా ఇళ్ళల్లో పళ్ళెంలో చేపని తిరగెయ్యం. పై పక్క తిన్నాక ముల్లు తీసి కింది పక్క తింటాం గానీ తిప్పం, తిప్పితే పడవ తిరగబడుతుందని భయం. చిన్నప్పుడు ఒకసారి తిప్పానని మా నాన్న నా చేతి మీద గరిటెతో కొట్టాడు. ఆ మధ్యాహ్నం మొదటి గూటి నుంచి పదిహేనో గూటి దాకా చేపలన్నీ తెల్లటి పొట్టలతో తిరగబడి తేలాయి. మూడేళ్ళు నా చేత్తో మేత వేసిన చేపలు. యాచెంగ్ నీళ్ళలోకి దూకి ఒక్కొక్కదాన్నీ నిలబెట్టాలని చూశాడు, పిచ్చివెధవ. వదలగానే మళ్ళీ తిరగబడేవి.

మా ఒక్కళ్ళవే కాదు, రేవంతా అంతే. పక్క తెప్ప గువో మా పలకల మీదికి ఎక్కి వచ్చి నెత్తి బాదుకున్నాడు. వాడి వెనక వాడి పెళ్ళాం, ఇంకో పది మంది. "అక్కా, ఇంతమందిమి ఉన్నామే! ఒక్కరికి, కనీసం ఒక్కరికైనా ముందు తెలీలేదా?"

అందరూ నా వైపు చూశారు. పెద్దదాన్ని కదా. చున్‌లాన్ వలసూది పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది, వేళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. "దీనికి తెలుసు, నేనే నోరు మూయించాను." అంతే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అక్కర్లేదు. ఆ ముక్క గొంతు దాకా వచ్చింది. ఇంతమంది ముందు, ఈ రేవులో పుట్టినదాన్ని, ఈత కూడా నేనే నేర్పిన కొండదాని ముందు తల వంచనా? వంచలేక ఏమన్నానో తెలుసా?

"నాకేం తెలుసు? కొండ కోడల్ని తెచ్చుకున్నాను, దాని వెంట కొండ నీళ్ళొచ్చాయి."

వెంటనే గువో పెళ్ళాం "అవునవును, నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా," అంది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. అయినా అందరూ తలలూపారు, ఎవరి రేడియో వాళ్ళే కట్టేసుకున్న తప్పు అందరికీ ఒక్కసారే తేలికైపోయింది. యాచెంగ్ నీళ్ళలోంచి తల పైకెత్తి నన్ను చూశాడు, మళ్ళీ చేపల మీదికి వంగాడు.

చున్‌లాన్ గుడిసెలోకి పోయి రెండు జతల బట్టలు మూట కట్టుకుంది, మేకుకున్న గులాబీ సంచి తీసుకుంది. గట్టుకి పోయే పడవ ఎక్కబోతూ నా దగ్గర ఆగింది.

"పదహారో గూటి మూత రెండు రోజులు విప్పకండి అత్తా. నీళ్ళు నాలిక మీద ఉప్పగా తగిలాక విప్పండి."

మూడో రోజు విప్పాను. కొత్త కుట్టు, సన్నటి కుట్టు, నాలుగు మూలలా ఇసుక మూటలు. యాచెంగ్, నేను పైకి లాగాం. లోపల చేపలన్నీ బతికే ఉన్నాయి, తోకలు ఆడిస్తూ మేత కోసం నోళ్ళు తెరిచాయి. అది ఒక్కత్తే ఒక్క గూడు దించగలిగింది. ముగ్గురం పట్టి ఉంటే... ఆ లెక్క నేను వెయ్యను. వాడు ఆ చేపల్ని చూసి మొట్టమొదటిసారి నా మీద అరిచాడు. "అడిగింది కదమ్మా! కాళ్ళు పట్టుకున్నట్టు అడిగింది కదా! నువ్వు దాన్ని అందరి ముందూ..." పది రోజులు నాతో మాట్లాడకుండా తిరిగి, పదకొండో రోజు కొండ బస్సు ఎక్కాడు. ఇప్పుడు పైన మామగారి ఇంట్లో ఉండి రబ్బరు పాలు తీస్తున్నాడట. నింగ్‌నింగ్ గులాబీ సంచి వేసుకుని అక్కడి బడికే పోతోందట.

నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆ ఒక్క గూటి చేపల్ని అమ్మలేదు, అమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం ఆరింటికి రేడియో పెడతాను. సముద్రం అయిపోతుంది, తీరం అయిపోతుంది. చుట్టూ టక్, టక్ అని మొదలవుతుంది. ఇంత జరిగాక కూడా! నేను మాత్రం శబ్దం పెంచుతాను. మధ్య కొండల్లో పొగమంచు అంటే పిల్లకి చలికోటు వేశారా అనుకుంటాను, ఎండ అంటే వాగులో ఆడుకుంటోందేమో అనుకుంటాను. వాళ్ళ కబురు నాకు తెలిసేది అంతవరకే.

నిన్న సాయంత్రం మధ్య కొండల్లో భారీ నుంచి అతి భారీ వర్షాలన్నారు. ఇంకా వెలుతురుంది. ఫోన్ చేశాను. చున్‌లానే ఎత్తింది.

"పైన గట్టిగా పడుతుందంటున్నారు. పిల్ల జాగ్రత్త," అన్నాను.

అవతల రేకుల మీద వాన చప్పుడు వినపడుతోంది. "పొద్దున్నుంచీ పడుతూనే ఉంది అత్తా. రేపు పొద్దెక్కేసరికి మీ దగ్గరికి వచ్చేస్తాయి నీళ్ళు. మూత కుట్టి దించెయ్యండి. నాలుగు మూలలూ ఒకేసారి వదలాలి, లేకపోతే గూడు ఒరిగి చేపలన్నీ ఒక మూల పడతాయి. ఆ రోజు మూల మూలకీ పరిగెత్తి జానెడు జానెడు వదిలాను, మీవల్ల కాదది. గువో బాబాయిని పిలవండి."

"చున్‌లాన్, ఆ రోజు నేను అందరి ముందు..."

"చీకటి పడకముందే దించండి," అని పెట్టేసింది.

మూత కుట్టాను, వంకరటింకరగా. పక్క తెప్పకి కేక వేశాను. "ఒరేయ్ గువో! పైనుంచి నీళ్ళొస్తున్నాయి. నువ్వు మళ్ళీ చేపపిల్లల్ని వేసుకున్నావు కదా, నీవీ దించుకో, ముందు నాకో చెయ్యి వెయ్యి."

"రేడియో సముద్రం బాగుందందిగా అక్కా. నీకెవరు చెప్పారు?"

"నా కోడలు చెప్పింది."

గువో మొహం మారిపోయింది. చేతిలో తాడు కింద పడేసి తుపుక్కున నీళ్ళలో ఉమ్మాడు. "అమ్మో, దాని మాటెత్తకక్కా, సాయంత్రం పూట! దాని వెంటేగా ఆ నీళ్ళొచ్చింది? నువ్వేగా చెప్పావు."

"అబద్ధంరా. నేను చెప్పింది అబద్ధం. ముందు రోజే చెప్పింది అది, నేనే వినలేదు," అన్నాను. అరిచాను.

"మనవరాలి మీద బెంగతో అంటున్నావులే," అని గుడిసెలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఇంకా కాస్త వెలుతురు మిగిలింది. ఇసుక మూటలు నాలుగు మూలలా కట్టాను. మొదటి మూల తాడు విప్పి జానెడు వదిలాను, పలకల మీద పరుగెత్తి రెండో మూలకి పోయాను. అప్పటికే గూడు ఒరుగుతోంది.